వజీరున్నీసా వెండి కట్టు

యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో వజీరున్నీసా ఇంటికి కరెంటు లేదు. పొద్దు గూకితే కందిలి వెలిగించుకునేది. అలాంటి మనిషి కరెంటు డబ్బాలకు తీగ చుట్టి బతికిందంటే వినేవాళ్లు నవ్వుతారు. ఆమెకూ నవ్వొచ్చేది. తాను చుట్టేది ఏమిటో, అది ఎక్కడికి పోతుందో, పోయి అక్కడ ఏం వెలగబెడుతుందో తెలియకుండానే రోజంతా కూర్చుని చుట్టేది. మనలో చాలామంది తెలిసిన పనినే అరకొరగా చేస్తారు. ఆమె తెలియని పనికి ప్రాణం పెట్టింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

తీగ ఆమెకు కొత్త కాదు. వాళ్ల నాన్న వెండి తీగ లాగేవాడు. బెజ్జాలున్న ఇనుప పలకలోంచి వెండి కడ్డీని లాగి, ఇంకా సన్న బెజ్జంలోంచి మళ్లీ లాగి, చివరికి వెంట్రుకంత చేసేవాడు. ఆ తీగను పట్టుదారం మీద చుట్టి జరీ చేయడం ఇంట్లో ఆడవాళ్ల వంతు. పెళ్లయి వచ్చిన ఇంట్లోనూ అదే పని. భర్త దస్తగీర్ పోయాక, యుద్ధం వచ్చి జరీ అడిగేవాళ్లు కరువయ్యాక, ఆ పనీ పోయింది.

అప్పుడు బీదరులో ఉన్న మరిది ఖదీర్ ఆమెను తన ఇంటికి తీసుకుపోయాడు. అక్కడ ఒక వానాకాలం గడిపింది. తెల్లవారుజామున పొయ్యి ముందు కూర్చుంటే అందరూ తిని పడుకున్నాకే లేవడం. అంతమంది ఉన్న ఇంట్లో ఆమెను పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు. అన్నం పెట్టారు, కాదనకూడదు. కానీ ఆమె ఏదో వంకతో పట్నం వచ్చి, మళ్లీ పోలేదు. "ఒంటరి ఆడమనిషి పట్నంలో ఎందుకు, వచ్చెయ్యమనండి" అని పండగ పండక్కీ ఖదీర్ కబురు పంపేవాడు. ఆ కబురు విన్న రోజు ఆమె పొయ్యి వెలిగించేది కాదు. యాకుత్‌పురాలో తన గది, తన పొయ్యి, తన తలుపు తనకు ఉండాలంటే చేతిలో ఒక పని ఉండి తీరాలి.

ఆ పని ఇచ్చినవాడు ఈశ్వరయ్య. రైలు పట్టాల అవతల అతనికి చిన్న రిపేరు దుకాణం ఉండేది. కొన్నేళ్లు కరెంటు కార్ఖానాలో పనిచేసి, అక్కడి పెద్దలతో పడక బయటికి వచ్చినవాడు. యుద్ధం వల్ల సీమ సామాను రావడం ఆగిపోయింది. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పారేసి కొత్తది తెచ్చుకునే రోజులు పోయి, పాతదానికే మళ్లీ తీగ చుట్టించుకునే రోజులు వచ్చాయి. సన్నటి రాగితీగను సందు లేకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా వరసగా చుట్టే చేతులు ఈశ్వరయ్యకు దొరకలేదు. అతని దుకాణం ఊడ్చే కాశమ్మే వజీరున్నీసా ఇంటికి నీళ్లు మోసేది. "మా బీబమ్మ చేతికియ్యి అయ్యా. ఆమె జరీ పనిమంతురాలు" అంది. అలా మొదలైంది.

కాశమ్మ గంపలో తీగ తెచ్చేది, చుట్టాక గంపలోనే పట్టుకుపోయేది. ట్రాన్స్‌ఫార్మర్ అనడానికి ఆమెకు నోరు తిరగక డబ్బా అంది. వజీరున్నీసాకూ అదే పేరు కుదిరింది. చదరపు గొట్టంలాంటి చెక్క బొంగు మీద మొదట సన్న తీగ, బోలెడన్ని చుట్లు. లెక్క తప్పకుండా ప్రతి నూరు చుట్లకూ జపం చేసుకునే తస్బీ మాలలో పూస ఒకటి జరుపుకునేది. దాని మీద మందపు కాగితం. ఆ కాగితం మీద లావు తీగ, కొద్ది చుట్లు. చివర గుడ్డపట్టీ. తర్వాత దుకాణంలో ఈశ్వరయ్య ఆ బొంగు బోలులోంచి ఇనుప రేకులు దూర్చి బిగించేవాడు.

మొదటి డబ్బా చుట్టినప్పుడే వజీరున్నీసాకు అనుమానం వచ్చింది. సన్న తీగ కొసలు రెండూ దానివే. లావు తీగ కొసలు రెండూ దానివే. మధ్యలో కాగితం. ఒకదానికొకటి ఎక్కడా తగలవు. పాపం, చెప్పడం మరిచిపోయినట్టున్నాడు అనుకుని, రెండింటికీ ముడి వెయ్యాలా అని కాశమ్మతో అడిగించింది. కాశమ్మ పట్టాలు దాటి రొప్పుకుంటూ తిరిగొచ్చింది.

"వద్దంట బీబమ్మా! అవి తాకితె కొంప మునుగుతదంట!"

"మరి తాకకుంటె దీంట్లకెంచి దాంట్లకు కరెంటు ఎట్ల పోతది?"

"నన్నడుగుతవేంది? ఊరికెనే పోతదంట. అయ్య గట్లనే అన్నడు."

ఊరికే ఎలా పోతుంది? పక్కింటి పొయ్యి మీద మన కూర ఉడికినట్టుంది ఈ మాట అనుకుంది. అయినా తాకించలేదు. చుట్టి పంపింది. డబ్బా పనిచేసిందని కబురొచ్చింది. తర్వాతవీ పనిచేశాయి. పనిచేసిన ప్రతిసారీ ఆమెకు సంతోషంతో పాటు ఆ తికమక కూడా పెరిగేది. తాను చేసిందే అయినా నమ్మడానికి లేదు, చూద్దామంటే ఇంట్లో కరెంటు లేదు.

వానలు పట్టాక ఒక డబ్బా కాలిపోయింది. బొంగు చెక్క చెమ్మ పట్టిందని, ఎవరి తప్పూ కాదని ఈశ్వరయ్య చెప్పి పంపాడు. ఆ మాట ఆమె మనసుకు ఎక్కలేదు. చెమ్మ అన్నది మర్యాదకు చెప్పిన మాట అనుకుంది. తన చేతికే ఏదో దిష్టి తగిలిందని, ఇంకోటి కాలితే పని పోతుందని, పని పోతే బీదరే గతి అని ఆ రాత్రంతా కుమిలిపోయింది.

తెల్లారాక ఆమెకు ఒక దారి తోచింది. ఇంట్లోంచి ఎవరైనా ప్రయాణం పోతుంటే భుజానికి ఇమామ్ జామిన్ కట్టి పంపడం మన పాతబస్తీలో ఉన్నదే. గుడ్డలో ఒక నాణెం చుట్టి, చల్లగా చూడమని దువా చదివి కడతారు. మనిషి క్షేమంగా చేరాక విప్పుతారు. తీగ లాగే వాళ్ల పుట్టింట్లో మాత్రం గుడ్డకు బదులు వెండి తీగనే కట్టేవాళ్లు. కొసకు కొస కలిపి, విడిపోకుండా మెలిపెట్టాలి. కట్టిన సంగతి బయటికి చెబితే దాని బలం పోతుందని నానమ్మ నమ్మకం. డబ్బా కూడా ఇల్లు వదిలి పోయేదే కదా! దాన్ని మాత్రం ఉత్త చేతులతో పంపడమేమిటి? చుట్టిన చుట్టు అచ్చంగా భుజంలాగే ఉంది కూడా. వజీరున్నీసా తన పెట్టెలోంచి వెండి తీగ తీసి, లావు తీగ మీద గుడ్డ వేసి, దాని మీద ఒక్క చుట్టు కట్టి, దువా చదివి, కొసలు మెలిపెట్టింది. దాని మీద మళ్లీ గుడ్డపట్టీ వేసి దాచేసింది. ఆ వెండి అటు సన్న తీగకూ తగలలేదు, ఇటు లావు తీగకూ తగలలేదు. తాకితేనే కదా కొంప మునిగేది!

ఆ డబ్బా దుకాణంలో కరెంటుకు కలిపిన కాసేపటికే పొగలు కక్కింది.

కాలిన చుట్లు మళ్లీ వజీరున్నీసా ఇంటికే వచ్చేవి. ఆ రోజుల్లో రాగి దొరకడం గగనం కాబట్టి, కాలిన తీగలో పనికొచ్చేది విప్పి తీయడం కూడా ఆమె పనే. విప్పి చూస్తే గుడ్డ మాడి మసైంది. అన్నిటికంటే ఎక్కువ మాడింది ఆమె కట్టిన వెండే. నల్లగా, వంకరగా, ఒకచోట కరిగి ఉంది. దాన్ని చూసి ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. వచ్చిన ఆపదనంతా అది తన మీద వేసుకుందనుకుంది. పాపం ఒంటరి చుట్టు, ఎంతకని ఆపుతుంది? తర్వాత డబ్బాకు రెండు చుట్లు కట్టింది. అదీ కాలింది. ఆ తర్వాత ఇంకొంచెం లావు తీగ కట్టింది. అది మరీ తొందరగా కాలింది.

దుకాణంలో ఈశ్వరయ్యకు పిచ్చెక్కినట్టయింది. చుట్టులో తప్పు లేదు, రేకుల్లో తప్పు లేదు. దీపం గానీ రేడియో గానీ ఇంకా తగిలించనే లేదు, ఉత్త డబ్బా ఉత్తగానే ఉడుకుతోంది. ఎవరూ తినకుండానే కుండలో అన్నం అయిపోయినట్టు కరెంటు ఎక్కడికో పోతోంది. ఎక్కడికి? తీగ అమ్మిన ప్రహ్లాద్ కల్తీ సరుకు అంటగట్టాడని బజారులో నలుగురి ముందూ గొడవ పెట్టుకున్నాడు. అయినా వజీరున్నీసాను ఒక్క మాట అనలేదు. వానల్లో కాలిన మొదటి డబ్బా పట్టీ విప్పినప్పుడే ఆమె చుట్టిన వరసలు అతను కళ్లారా చూశాడు. వెంట్రుక దూరే సందు లేదు.

చివరికి కాశమ్మతో ఆఖరు మాట వచ్చింది. "జనానా దవాఖానల కాన్పుల గదికి చిన్న దీపం పెడ్తరంట బీబమ్మా. దానికే ఈ డబ్బా. పట్నంల ఇగ తీగ లేదంట. ఇది గూడ కాలిందనుకో, అయ్య దుకాణంల ఈ పనే బంద్ వెడ్తడంట."

వజీరున్నీసా ఆ డబ్బాను నాలుగు రోజులు చుట్టింది. పెట్టె అడుగున వాళ్ల నాన్న స్వయంగా లాగిన వెండి తీగ ఒక చుట్ట మిగిలి ఉంది. దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. ఇప్పుడు దాన్నే తీసి కట్టింది. కట్టాక కూడా మనసు నిలవలేదు. ఈసారి ఇంట్లో కూర్చుని కబురు కోసం ఎదురుచూడటం తన వల్ల కాదని, కళ్లతో చూస్తానని కాశమ్మను పోరింది. పరదా కట్టిన రిక్షాలో, బురఖాలో, జన్మలో మొదటిసారి ఒక మగవాడి దుకాణానికి పోయింది.

ఈశ్వరయ్య గడప దగ్గరే నిలబడ్డాడు. ఆమె వస్తోందని తెలిసి లోపల ఒక మూల దుప్పటి అడ్డం కట్టించాడు. "రాండ్రి ఆపా, కూసోండ్రి. మీరు జూస్తనంటె నాకే ధైర్యం వచ్చింది" అన్నాడు, సొంత అక్కను పిలిచినట్టు. దుప్పటి అంచు పక్కన చిన్న సందు ఉంది. అందులోంచి బల్ల మీది సామాను కనబడుతోంది. తన డబ్బా కూడా కనబడింది, రేకులు బిగించి, నిండు పెళ్లికొడుకులా.

"భాయ్, ఒక్క మాట అడుగుత. నవ్వొద్దు" అంది వజీరున్నీసా. "ఆ రెండు తీగలు తాకకుండ కరెంటు ఎట్ల పోతది? ఇన్నొద్దుల సంది నా దిమాగ్ ఖరాబయితున్నది."

ఈశ్వరయ్య నవ్వలేదు. "నాకు తెలిసినంత చెప్త. పూర తెలుసనుకోకుండ్రి" అని ఒక తీగచుట్ట తీసి, దాని కొసలకు సూది ఉన్న గడియారంలాంటిది తగిలించాడు. అయస్కాంతపు కడ్డీని చుట్ట బోలులోకి దింపాడు. సూది ఉలిక్కిపడి పక్కకు జరిగింది. కడ్డీని లోపలే కదలకుండా ఉంచాడు. సూది వెనక్కి వచ్చి నిలబడింది. బయటికి లాగితే రెండో వైపు జరిగింది.

"జూసిండ్రా? కడ్డీ తీగకు తాకలే. కదిలింది, గంతే. కదిలినప్పుడే తీగల కరెంటు పుడ్తది. ఊకుంటె ఏం లేదు. హుస్సేన్‌సాగర్ కాడ కార్ఖానల ఆవిరి వెట్టి రాత్రింబగళ్లు తిప్పేది గందుకే."

"మరి డబ్బాల కదిలేది ఏమున్నది? అన్ని గట్టిగ బిగిస్తిరి గదా."

"గదే గమ్మత్తు. మన ఊరికొచ్చే కరెంటే ఊగుకుంట వస్తది. ముందుకు, ఎనుకకు, ముందుకు, ఎనుకకు. సన్న తీగల అది ఊగితె, నడిమి ఇనుముల అయస్కాంతం గూడ ఊగుతది. ఆ ఇనుము సుట్టు ఏ తీగ చుట్టి ఉన్నా దాంట్ల కరెంటు పుడ్తది. ఎక్కువ చుట్లకు ఎక్కువ జోరు, తక్కువ చుట్లకు తక్కువ జోరు. కాన్పుల గది దీపానికి తక్కువ జోరు గావాలె, అందుకే లావు తీగ కొద్దిగనే చుట్టిపిచ్చిన."

వజీరున్నీసాకు సగం అర్థమైంది, సగం కాలేదు. ఊగడం అర్థమైంది. ఊగేది కనబడకపోవడమే అర్థం కాలేదు. ఆమె "ఊఁ" అన్న తీరులోనే ఈశ్వరయ్యకు ఆ సంగతి తెలిసిపోయింది. అతనికి చెప్పే ఉత్సాహం వచ్చేసింది. ఇనుప కడ్డీల కట్ట చుట్టూ తీగ చుట్టి ఉన్న ఇంకో సామాను బల్ల మీద నిలబెట్టి కరెంటుకు కలిపాడు. లావు రాగితీగను గాజులా వంచి, కొసలు రెండూ కలిపి అతికిన కడియం ఒకటి తీసి, పైకి పొడుచుకొచ్చిన ఇనుము చుట్టూ వేలాడేటట్టు పట్టకారుతో పట్టుకున్నాడు. కడియం దేనికీ తగలడం లేదు. కాసేపాగి దాన్ని కాశమ్మ చేతిలో వేశాడు.

"అమ్మో! సచ్చిన!" కాశమ్మ దాన్ని కిందికి విసిరేసి చెయ్యి నోట్లో పెట్టుకుంది. "గిట్ల కాలిందేంది అయ్యా, పొయ్యిల వెట్టలేదు కద?"

"ఒక్క చుట్టే ఉన్నది, కొసకు కొస కలిసి ఉన్నది" అన్నాడు ఈశ్వరయ్య. "దాంట్ల పుట్టిన కరెంటు బయటికి పోయే తొవ్వ లేక అండ్లనే గిర్రగిర్ర తిరుగుతది. తిరిగి తిరిగి మంటయితది. గిప్పుడు జూడు." కడియాన్ని ఒకచోట కత్తిరించి, కొసలు కొంచెం విడదీసి మళ్లీ ఇనుము చుట్టూ పట్టుకున్నాడు. ఇందాకటికంటే ఎక్కువసేపే పట్టుకున్నాడు. కాశమ్మ ముట్టుకోనంటే ముట్టుకోనంది. దుప్పటి కింది నుంచి ఒక చెయ్యి బయటికొచ్చి దాన్ని అందుకుంది.

కడియం చల్లగా ఉంది.

దాన్ని పట్టుకుని వజీరున్నీసా కదల్లేదు. ఇనుము చుట్టూ ఒక్క చుట్టు. కొసకు కొస కలిపి. దేనికీ తాకకుండా. ఆమె కళ్లముందు నల్లగా మాడిన వెండి తీగలు కనబడ్డాయి. ఆపదను మీద వేసుకున్నాయని తాను ముద్దుపెట్టుకుని దాచుకున్న తీగలు. అంటే కాల్చింది అవేనా? దువా చదివి కట్టింది కాపాడకపోగా తగలబెడుతుందా? అలా ఎక్కడైనా ఉంటుందా? దువా తప్పా, తీగ తప్పా, తాను తప్పా? ఆమెకు ఒక్కటీ తెగలేదు. ఒకటి మాత్రం తెలుసు. ఈశ్వరయ్యకు ఇప్పటిదాకా తన మీద అనుమానం లేదు. నోరు తెరవకపోతే ఈ డబ్బా కూడా కాలుతుంది, తప్పు ప్రహ్లాద్ తీగదే అవుతుంది, పని ఎలాగూ పోతుంది కానీ పేరు నిలుస్తుంది. నోరు తెరిస్తే పనీ పేరూ రెండూ పోతాయి. నానమ్మ చెప్పిన బలమూ పోతుంది.

అవతల ఈశ్వరయ్య "బిస్మిల్లా అనుండ్రి ఆపా" అని నవ్వుతూ ఆమె డబ్బా తీగలు గోడకున్న కరెంటుకు కలిపి, మీట మీద చెయ్యి వేశాడు.

"ఆగుండ్రి భాయ్! ఎయ్యకుండ్రి!"

ఆ గొంతు విని పట్టాల మీద పోయేవాళ్లు కూడా ఆగి చూశారు. "నేను కట్టిన. పై పట్టీ కింద వెండి తీగ కట్టిన. కొసలు కలిపి కట్టిన. దీనికే కాదు, కాలినయన్నిటికి కట్టిన. సలామత్ పోవాలని కట్టిన భాయ్, కాలాలని కాదు."

ఈశ్వరయ్య చాకు తీసుకుని పట్టీ కోశాడు. లోపల వెండి తీగ తళతళలాడుతోంది. వాళ్ల నాన్న లాగిన తీగ. కత్తెర పెట్టి టక్కున కత్తిరించి బయటికి లాగాడు. ఆ చప్పుడు వజీరున్నీసాకు ఒంట్లో తగిలింది. తర్వాత మీట వేశాడు. డబ్బా సన్నగా గుయ్‌మంది. దానికి తగిలించిన చిన్న దీపం వెలిగింది. చెయ్యి పెట్టి చూశాడు, కాలడం లేదు. మళ్లీ చూశాడు, కాలడం లేదు.

"ప్రహ్లాద్‌ను నలుగుర్ల దొంగ అన్న ఆపా" అన్నాడు చివరికి. దాని తర్వాత దుప్పటి వైపు చూడకుండా వాకిట్లోకి పోయి నిలబడ్డాడు.

ఆ వారం తీగ రాలేదు. కాశమ్మ నీళ్లు పోసి, తలెత్తకుండా పోయేది. మరుసటి వారం వజీరున్నీసా బట్టలు మూట కట్టింది. పొయ్యి మీద కుండ దించి బోర్లించింది. ఖదీర్‌కు కబురు ఎవరితో పంపాలా అని ఆలోచిస్తుండగా, బయట కాశమ్మ గొంతూ దాని వెనక ఈశ్వరయ్య దగ్గూ వినిపించాయి.

అతను తలుపు అవతలే నిలబడ్డాడు. గంప మాత్రం లోపలికి వచ్చింది. అందులో కొత్త తీగ ఉంది.

"ప్రహ్లాద్ ఇంటికి పోయి మాఫీ అడిగిన. నాలుగు తిట్లు తిట్టిండు, తర్వాత తీగ ఇచ్చిండు" అన్నాడు ఈశ్వరయ్య. గొంతు సవరించుకున్నాడు. "దీపం డబ్బా గూడ గంపల ఉన్నది ఆపా. రేపు దవాఖానకు పోతది. మా బిడ్డ రాజమణి కాన్పు ఆడనే. పిల్ల మస్తు భయపడుతున్నది. పోయేముందు మీరు కట్టేది మళ్ల కట్టుండ్రి. కొసలు మాత్రం కలపకుండ్రి."

వజీరున్నీసా గంపలో చూసింది. కత్తిరించిన వెండి తీగ శుభ్రంగా తుడిచి పెట్టి ఉంది. "కొసలు కలవకుంటె అది కట్టు ఎట్లయితది భాయ్?" అంది.

"నాకేం ఎరుక ఆపా? నాకు కరెంటు సంగతే ఎరుక. గది మీరే జూసుకోవాలె."

అది ఆమెకూ తెలియదు. నానమ్మ ఉంటే అడిగేది. చాలాసేపు తీగను చేతుల్లో తిప్పుతూ కూర్చుంది. చివరికి డబ్బాను ఒళ్లోకి తీసుకుని, చుట్టు మీద వెండిని పరిచి, రెండు కొసల మధ్య వేలెడు సందు వదిలి, జారిపోకుండా గుడ్డపట్టీకి నూలు దారంతో కుట్టేసింది. సందు దగ్గరికి వచ్చేసరికి దువాను రెండుసార్లు చదివింది.